బంతి ముట్టని అయిదుగురు

అమెరికాదేశపు ఫుట్‌బాలుతో మనకేమి పని యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. మేము గిలకలదిండిలో పుట్టి, ఆ యూరనే మెట్టి, వేటకు పోవు పడవలకు మంచుగడ్డలమ్ముకొని బ్రదికిన కుటుంబమువారము. ఆటలన్న మాకు తెలిసినది సముద్రపుటొడ్డున ఇసుకలో కుఱ్ఱవాండ్రాడు చెడుగుడొక్కటియే. అయినను ఇంటిలోని బిడ్డ యొకడు ఒక యాటలో దిగి, దానివలన భార్యాభర్తలకు నడుమ మాటలు పెరిగి, పెద్దవారమని మమ్మడుగుట తటస్థించినపుడు, ఆ యాట యెట్టిదో తెలిసికొనక తప్పినది కాదు. తెలిసికొన్నకొలది, అందులో మగవారికంటె మన యాడువారికే చక్కగ బోధపడు సంగతులు కొన్ని కనబడినవి. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యబ్బాయి టెక్సాసు రాష్ట్రములో ఫ్రిస్కో యను నగరమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. డల్లాసు మహానగరమునకు ఉత్తరముగా నున్న యీ యూర తెలుగువారు వేలకొలది గలరు. శనివారమునాడు అచ్చటి కార్యసిద్ధి హనుమంతుని గుడికి పోయితిమేని బందరు కోనేరుసెంటరులో నిలిచినట్లే యుండును. వినబడు మాటలన్నియు మన మాటలే. ఆ యూరనే డల్లాసు కౌబాయిస్ అను పేరుమోసిన ఫుట్‌బాల్ జట్టువారు 2016లో తమ ప్రధానకార్యాలయమును, అభ్యాసస్థలమును నెలకొల్పుకొనిరి. కావున అచ్చటి పిల్లలకు ఈ యాట గాలిలో నున్నది. మేము 2024 సెప్టెంబరునుండి ఆరునెలలు ఆ యింట నుంటిమి. అప్పటికి మా మనుమడు ఏడవ తరగతి చదువుచుండెను. వానిది వయసుకు మించిన యొళ్ళు. తరగతిలో తోటిపిల్లలు గేలిచేయుచుండగా తలవంచుకొని తిరిగెడివాడు. బడిలో ఫుట్‌బాలు జట్టు కూర్చునపుడు శిక్షకుడు వానిని జూచి, ఇట్టి యొళ్ళే మాకు కావలెనని సంతోషించి, ముందువరుసలో నిలిపెనట. ఇల్లంతయు సంబరపడినది. మూడువారములు గడచిన పిమ్మట వాడు మా ప్రక్కన కూర్చుండి, మెల్లగా, “నాయనమ్మా, ఇన్ని ఆటలు ఆడానుగదా, ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. ముట్టుకోకూడదట,” అనెను.

ఇదేమి యాట యని మాకు వింతతోచినది. బంతి ముట్టరాని యాటగానికి ఆటలో నేమి పని?

దీనిని మన ఫుట్‌బాలని భ్రమపడరాదు. పేరున పాదమున్నదేకాని బంతి చేతులలోనే యుండును. అదియు గుండ్రముగాక, రెండు కొసలు సన్నగిలిన బొప్పాయికాయవలె నుండును. పక్షమునకు 11 మంది. మైదానము 100 గజములు. బంతిగల పక్షము నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగినచో మఱల నాలుగు ప్రయత్నములు లభించును. లేనిచో బంతి ఎదుటివారి పాలగును. మన పడవకు సరంగెట్టివాడో, ఆ జట్టునకు క్వార్టర్‌బ్యాకనువాడట్టివాడు. బంతి మొదట వానిచేతికి వచ్చును. వాడు దానిని పరుగెత్తువానికందించును, లేదా దూరముననున్న వానికి విసరును. ఆ యోచనకు వానికి దొరకు వ్యవధి రెండుమూడు సెకండ్లు. ఆ రెండుమూడు సెకండ్లు ఎదుటివారు వానిమీద పడకుండ అడ్డుగోడవలె నిలుచువారు అయిదుగురు. నడుమనుండువాడు సెంటరు, వాని కిరుప్రక్కల గార్డులు, రెండు కొసలను టాకిళ్ళు. సెంటరు వంగి కాళ్ళసందునుండి బంతిని వెనుకకందించును. తక్కిన నలుగురికి మామూలుగా దానితో నిమిత్తము లేదు. ముందుకు విసరిన బంతిని వారు పట్టుటకు నిబంధన యొప్పదు. 50 మొదలు 79 వఱకు గల సంఖ్యలు వారి చొక్కాలపై వేసి, వీరు బంతి పట్టరానివారని అందఱకు ముందే చాటుదురు.

ఆ దేశమువారికి లెక్కలపై మక్కువ మెండు. పరుగెత్తినవాడు ఎన్ని గజములు పరుగెత్తెనో, విసరినవాడు ఎన్ని గజములు విసరెనో, పట్టినవాడు ఎన్నిమారులు పట్టెనో, అన్నిటికి పట్టికలున్నవి. క్వార్టర్‌బ్యాకును పడగొట్టిన శత్రుపక్షమువానికి సహితము 1982 నుండి అధికారముగా లెక్క వేయుచున్నారు. ఈ అయిదుగురికి మాత్రము అట్టి గడి లేదు. వారిపేర వ్రాయబడునవి తప్పులు మాత్రమే: ఎవడు నిబంధన మీఱెను, ఎవని ప్రక్కనుండి శత్రువు చొరబడెను. అన్నము మాడిననాడు వండినవారెవరని యడుగుదురుగాని, చక్కగ ఉడికిననాడు ఆ ప్రశ్నయే పుట్టదు. మా మనుమని మాట వినగానే మాకు మొదట తోచినదిది.

మన చెడుగుడులోను పూర్వమింతయే. కూతకు పోయి ముగ్గురిని తాకివచ్చిన వానిని భుజములమీద నెక్కించుకొని ఊరేగించెడివారు. మూలన నిలిచి చీలమండ పట్టి పడవేసినవాడు ఇంటికి పోయి చల్దియన్నము తినెడివాడు. 2014లో ప్రొ కబడ్డీ పోటీలు వచ్చిన పిమ్మట పట్టులకును లెక్కలు వచ్చినవి. ఎడమమూలను కాచు ఇరానుదేశస్థుడు ఫజల్ అత్రాచలి పేరు నేడు కూతగాండ్ర పేర్లతో సమానముగా పిల్లల నోళ్ళలో నానుచున్నది. అమెరికావారి ముందువరుసకు అంతపాటి లెక్కయు రాలేదు. అయినను ఆ అయిదుగురి పని నూటనలువదేండ్లలో ఎంత మారినదో విన్నచో ఆశ్చర్యము కలుగును. అది యే యేటికాయేడు మెల్లగ మారలేదు. ఎవరో చచ్చుటయో, ఎవరి కాలో విఱుగుటయో, ఒక నిబంధన మారుటయో, దానితో వీరి బ్రదుకు తారుమారగుటయో, ఇట్లు నడచినది.

1880లో వాల్టరు కాంపను వాని ప్రేరణమున, బంతి యుంచిన చోట రెండు పక్షములకు నడుమ నొక గీత యేర్పడినది. ముందువరుస ఆ గీతనుండియే పుట్టినదనవచ్చును. అప్పటి పని మోటుపని. 1892లో హార్వర్డు విద్యార్థులు తమవారిని ఈటెమొనవలె కూర్చి, ఒక్కపెట్టున పరుగెత్తించి, ఎదుటివారిలో ఒక్కచోట గ్రుచ్చునట్లు చేసిరి. చదువుకొనిన పిల్లలు చేయదగిన పని కాదని మాకు తోచినది. ఆ దేశములోని తల్లులకును అట్లే తోచియుండును. 1905లో ఒక్క ఆటలకాలములోనే 18 మందికి తక్కువకాకుండ యువకులు మరణించిరి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయములవారిని శ్వేతభవనమునకు పిలిపించి మాటలాడెను. మఱుసటి యేడు, 1906లో, రెండువరుసలకు నడుమ బంతిపొడవంత యెడముండవలెననియు, బంతిని ముందుకు విసరవచ్చుననియు నిబంధనలు వచ్చినవి. విసరుట వచ్చినతోడనే, విసరువానిని కాచుట యను క్రొత్తపని ముందువరుసకు వచ్చిపడినది. కాని చాలకాలమువఱకు పరుగునకే ప్రాధాన్యము.

వృత్తిగా నాడువారి సంఘము 1920లో ఏర్పడి, 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగను పేరు దాల్చెను. అందులో అప్పటి యాచారము, ఒకేమనిషి బంతి తమవారిదైనపుడును, ఎదుటివారిదైనపుడును మైదానముననే యుండుట. పగలు వల లాగినవాడే రాత్రి పడవ కాచినట్లన్నమాట. 1950లో ఎవరినెప్పుడైనను మార్చుకొనవచ్చునని స్థిరపఱచుటతో, అడ్డుట యొక్కటియే పనిగాగలవారు ప్రత్యేకముగా తయారైరి. పాతపద్ధతివారిలో చివరివాడని ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టులోని చక్ బెడ్నారిక్ పేరు చెప్పుదురు. 1960లో విజేతను నిర్ణయించు పోటీలో ఆయన సెంటరుగాను, మఱల ఎదుటివారి నడ్డువాడుగాను నిలిచి, దాదాపు ఆట ముగియువఱకు మైదానము విడువలేదు.

ప్రత్యేకముగా తయారైనవారికి నేర్పు పెరుగుట సహజము. గ్రీన్‌బే పట్టణమువారి గురువు విన్స్ లొంబార్డీ 1959లో ఆ జట్టును చేపట్టి గార్డులకొక క్రొత్త విద్య నేర్పెను. బంతి కదలగానే గార్డులిద్దఱు తమచోటు విడిచి, ప్రక్కకు పరుగెత్తి, పరుగెత్తువానికి ముందు దారి చేయుచు పోవుదురు. అదివఱకు కూడ ఈ పని యుండెనుగాని, ఆయన దానిని పదేపదే చేయించి, ఎదుటివారికి ముందే తెలిసినను ఆపలేనంత తీర్చిదిద్దెను. 1967 డిసెంబరు 31న ఆ పట్టణములోనే డల్లాసువారితో చివరిపోటీ. చలి సున్నకు 25 డిగ్రీలు దిగువ. మన బందరువారము ఆ చలిని ఊహింపనైన లేము. 16 సెకండ్లు మిగిలియున్నవి. గమ్యపు గీతకు గజము దూరమైన లేదు. డల్లాసువారు మూడుపాయింట్లు ముందున్నారు. గార్డు జెర్రీ క్రామర్, సెంటరు కెన్ బౌమన్ ఇరువురు కూడి ఎదుటనున్న జెత్రో ప్యూ అనువానిని ప్రక్కకు నెట్టిరి. ఆ సందున క్వార్టర్‌బ్యాకు బార్ట్ స్టార్ బంతితో దూరి గమ్యము చేరెను. 21–17 గా గ్రీన్‌బేవారు గెలిచిరి. టెలివిజనులో ఆ ఘట్టమును మఱలమఱల చూపగా, ప్రజలు మొట్టమొదటిమారు బంతిగలవానిని విడిచి అడ్డినవానిని చూచిరి. క్రామర్ 1968లో ఆ యేటి దినచర్యను ‘ఇన్‌స్టెంట్ రీప్లే’ యను పుస్తకముగా ప్రకటింపగా దేశమంతయు చదివెను. ఇంత ప్రఖ్యాతి వచ్చినను, ఆ యాటలోని మహనీయుల సభలో ఆయనకు పీట వేయుటకు 2018వఱకు పట్టినది.

మా యబ్బాయి యీ కథ చెప్పుచు, డల్లాసువారు ఓడిపోయినందుకు ఇప్పటికిని నిట్టూర్చెను. ఆ యాట జరుగునాటికి వాడు పుట్టనైన లేదు. ఊరిమమకార మట్టిది.

అన్నిటికంటె పెద్దమార్పు 1978లో వచ్చినది. అంతకుముందు బంతి విసరువానిని కాచునపుడు ముందువరుసవాడు చేతులు ముడిచి రొమ్మున కానించుకొని, మోచేతులతోను భుజములతోను అడ్డవలసినదే. ఎదుటివాడు మాత్రము చేతులు స్వేచ్ఛగా నాడించి వీని తలపై చఱచెడివాడు. 1977లో తలపై చఱచుట నిషేధించిరి. మఱుసటి యేడు, అడ్డువాడు చేతులు చాచి, అఱచేతులు విప్పి నెట్టవచ్చుననిరి. చూచుటకు చిన్నమాటయే. కాని దానితో చేతులు పొడవైనవారికి, పాదము తేలికగా వేయువారికి విలువ వచ్చినది. మందముగా నిలుచుట చాలదు. నాట్యము చేయువానివలె వెనుకకడుగులు వేయవలెను. అదే యేట బంతి పట్టువారిని అడ్డగించుటకును హద్దులు పెట్టిరి. విసరుట పెరిగినది, కాచువాని పని నెత్తిన బరువైనది.

అటుపిమ్మట 1981లో న్యూయార్కు జెయింట్స్ జట్టులో లారెన్స్ టేలర్ అను పిడుగు వెలసెను. వాడు ఎదుటి క్వార్టర్‌బ్యాకును పడగొట్టుటకే పుట్టినవాడు. క్వార్టర్‌బ్యాకులు చాలమంది కుడిచేతివాటమువారు. బంతి విసరుటకు చేయి యెత్తినపుడు వారి మొగము కుడివైపు తిరిగి, ఎడమవైపు వీపున పడును. అది చూపందని వైపు. 1985 నవంబరు 18 రాత్రి వాషింగ్టను క్వార్టర్‌బ్యాకు జో థీస్‌మన్‌ను టేలర్ పడవేయగా కుడికాలి యెముక విఱిగినది. లక్షలాదిమంది ఇండ్లలో కూర్చుండి టెలివిజనులో చూచిరి. విఱిగినది చూచి మొట్టమొదట చేతులూపి వైద్యులను పిలిచినవాడు టేలరే. థీస్‌మన్ మఱల ఆడలేదు. ఆ చూపందని వైపున నిలుచు ఎడమటాకిలు ఎంత ముఖ్యుడో జట్ల యజమానులకు అప్పటినుండి తలకెక్కసాగెను. 1993లో ఆటగాండ్రు తమ కిష్టమైన జట్టునకు పోవుటకు స్వాతంత్ర్యము వచ్చినపుడు, ఎడమటాకిళ్ళ జీతములు ఒక్కసారి ఎగసినవి. బంతి ముట్టనివాడు, బంతి పరుగెత్తించువానికంటె హెచ్చుజీతగాడాయెను!

ఈ సంగతి మైకేల్ లూయిస్ 2006లో ‘ది బ్లైండ్ సైడ్’ అను గ్రంథమున వివరించెను. 2009లో దానిని సినిమాగా తీసిరి. అందు తల్లిపాత్ర ధరించిన సాండ్రా బుల్లక్‌కు ఆస్కారు బహుమానము దొరికెను. నిలువ నీడలేని నల్లజాతి బాలుడు మైకేల్ ఓహర్‌ను ఒక ధనికకుటుంబము చేరదీసి టాకిలుగా తీర్చిదిద్దుట కథ. మేము దానిని కోడలితో కూడి చూచి కన్నీరు పెట్టుకొంటిమి. పిమ్మట తెలిసినది: తనను దత్తత తీసికొనలేదనియు, సంరక్షకత్వపు పత్రములు మాత్రము వ్రాయించిరనియు 2023లో ఓహర్ న్యాయస్థానమునకు పోగా, న్యాయాధిపతి ఆ సంరక్షకత్వమును రద్దుచేసెను. సినిమాలో తల్లిప్రేమ చూచి యేడ్చువారు ఆ పత్రముల సంగతియు చదువుట మంచిది.

విలువ పెరిగినకొలది శరీరములును పెరిగినవి. 1980 ప్రాంతమున 300 పౌన్లు, అనగా 136 కిలోలు, దాటినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. నేడు ముందువరుసలో అంతకు తక్కువవాడు అరుదు. 1990 తరువాతి యేండ్లలో డల్లాసు ముందువరుసను ‘డల్లాసు మహాకుడ్య’మని పిలిచిరి. నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్, మార్క్ టుయినీ, 1994లో చేరిన లారీ ఆలెన్ మున్నగువారు అందులోనివారు. వారివెనుక పరుగెత్తిన ఎమిట్ స్మిత్ తన జీవితమున 18,355 గజములు పరుగెత్తి, నేటివఱకెవ్వరును దాటని హద్దు పెట్టెను. ఆ గజములలో వారి పాలెంతయో చెప్పు పట్టిక లేదు. లారీ ఆలెన్ 2024 జూనులో, 52 ఏండ్లకే, చనిపోయెను. మేము ఫ్రిస్కో చేరునాటికి ఊరిలో ఆయన మాట ఇంకను వినబడుచునే యుండెను.

వీరిలో మాకు నచ్చినవాడొకడు కలడు: క్లీవ్‌లాండు ఎడమటాకిలు జో థామస్. 2007లో జట్లవారు క్రొత్తయాటగాండ్ర నెన్నుకొను పండుగనాడు, తక్కినవారు పట్టుదుస్తులు తొడిగి న్యూయార్కున కూర్చుండగా, ఇతడు తండ్రితో మిషిగన్ సరస్సుపై చేపలవేటకు పోయెను. పేరు పిలిచిన వేళకు పడవలోనే యున్నాడట. ఇది వినగానే మా వారు, “మనవాడే!” అని తొడ చఱచిరి. ఆ థామస్ 2007 నుండి 2017 వఱకు వరుసగా 10,363 ప్రయత్నములు ఒక్కటియు విడువక నిలిచెను. జట్టు ఓడుచునే యుండెను. వెనుక క్వార్టర్‌బ్యాకులు మారుచునే యుండిరి. ఇతడు తనచోట నిలిచియుండెను. 2023లో మహనీయుల సభలో చేర్చుకొనిరి.

ఇటీవల మఱికొన్ని వింతలు పుట్టినవి. ఎదుటివారు తమ బలవంతుని ఏవైపునకైన మార్చుచుండుటచేత కుడిటాకిలుకును అంత విలువ వచ్చినది. 2024లో డెట్రాయిటు కుడిటాకిలు పెనీ స్యూయెల్‌కు ఏటికి సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లు ఒప్పుకొనిరి. ఫిలడెల్ఫియావారి ఎడమటాకిలు జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడినవాడు. 2018లో అతనిని తీసికొనునాటికి ఈ యాట ఒక్కటియు ఆడియెఱుగడు. ఆ జట్టువారే 2022 నుండి, గజము భూమి కావలసినపుడు క్వార్టర్‌బ్యాకును వెనుకనుండి గుంపుగా త్రోయు పద్ధతిని అలవఱచుకొనిరి. దానిని నిషేధింపవలెనని 2025 మేలో వోటు పెట్టగా 32 జట్లలో 22 నిషేధింపుమన్నవి. 24 కావలసియుండుటచే అది నిలిచినది. నూటముప్పదియేండ్లనాటి హార్వర్డు ఈటెమొన మఱల తలయెత్తినదా యని మాకు తోచినది. 2025 ఫిబ్రవరిలో ఆ ఫిలడెల్ఫియావారే కాన్సాస్ సిటీవారిని 40–22 తో గెలిచిన చివరిపోటీని మేము టెలివిజనులో చూచితిమి. అప్పటికి మా చూపు తెలియకుండగనే బంతిని విడిచి ఆ అయిదుగురిమీద నిలుచుచుండెను. మనుమడు ప్రక్కన కూర్చుండి, “చూడు నాయనమ్మా, ఇప్పుడు సెంటరు వేలు చూపిస్తాడు,” అని చెప్పుచుండెను. నేటి సెంటరు బంతి యందించుటకు ముందు ఎదుటివారి నిలుకడ పరికించి, ఎవరు ఎవరి నడ్డవలెనో తనవారికి కేకవేసి చెప్పును. బలము నలుగురిదైనచో బుద్ధి వీనిది. ఓడ ముంగొమ్మున నిలిచి నీటిలోతు చూచి సరంగునకు చెప్పువానివలె నన్నమాట.

మేము తిరిగి వచ్చిన తరువాత, 2025 వేసవిలో, అబ్బాయి టెలిఫోను చేసెను. ఎనిమిదవ తరగతిలో మనుమని గార్డునుండి సెంటరుకు మార్చెదమని శిక్షకుడనినాడట. పిల్లవాడు తెలివిగలవాడని మెచ్చుకొనెనట. తండ్రి పొంగిపోవుచున్నాడు. కోడలు మాత్రము ఫోను తీసికొని, “అత్తయ్యా, కనబడని పని అని మీరు మెచ్చుకుంటున్నారు. కనబడని దెబ్బ సంగతి కూడా వినండి,” అని, మైక్ వెబ్‌స్టర్ కథ చెప్పినది.

అతడు పిట్స్‌బర్గు జట్టునకు 1974 నుండి 1988 వఱకు సెంటరు. ఆ జట్టు నాలుగుమారులు సర్వవిజేత యగునపుడు అతడు అందులోనివాడే. 1997లో మహనీయుల సభలో చేర్చిరి. కాని ఆట మానిన పిమ్మట జ్ఞాపకము చెడి, మాట తడబడి, నిద్రపట్టక, ఇల్లు విడిచి, కొంతకాలము తన బండిలోనే పండుకొని దినములు గడపెను. 2002లో 50 ఏండ్లకు చనిపోయెను. నైజీరియాలో పుట్టి పిట్స్‌బర్గున శవపరీక్షలు చేయుచుండిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు ఆ మెదడును పైకి చూడగా మామూలుగానే యున్నది. అంతటితో విడువక సన్నని పొరలుగా కోసి పరీక్షింపగా, మాటిమాటికి తగిలిన దెబ్బలచే కలిగిన చెడుగు బయటపడినది. 2005లో ఆ సంగతి వైద్యపత్రికలో ప్రకటించెను. లీగువారు మొదట ఒప్పుకొనలేదు. వేలమంది పాత యాటగాండ్రు న్యాయస్థానమున కెక్కగా, 2015లో పరిహారపుటొడంబడికను న్యాయాధిపతి ఆమోదించెను. 2017లో బోస్టను విశ్వవిద్యాలయమువారు పరీక్షించిన 111 మంది లీగు ఆటగాండ్ర మెదళ్ళలో 110 ఇంటికి ఆ జబ్బున్నది. అవి అనుమానమున్న కుటుంబములవారు ఎక్కువగా ఇచ్చిన మెదళ్ళు గనుక అందఱికి అట్లే యగునని చెప్పరాదని ఆ పరిశోధకులే యనిరి. అయినను తల్లి చెవికి ఆ సంఖ్య యెట్లు వినబడునో వేఱ చెప్పనక్కఱలేదు.

పెద్దదెబ్బ ఒక్కటి తగిలిన కన్ను చూచును, తల్లి కట్టుగట్టును. ముందువరుసవానికి తగులునవి చిన్నదెబ్బలు: బంతి కదలిన ప్రతిమారు ఎదుటివానితో తల తాకును, లేచి దులుపుకొని మఱల వంగును. ఆటకు ఏబదిఅరువదిమారులు. వానిపేర లెక్క వ్రాయు పట్టిక లేదని ముందు వ్రాసితిమి. ఈ తాకుళ్ళ పట్టికయు లేకపోయెను. ఇప్పుడిప్పుడే అభ్యాసములలో తలతాకిడి తగ్గించుట, మైకము కలిగినవానిని వెంటనే బయటికి పంపుట మున్నగు నిబంధనలు పెట్టుచున్నారు, అవి మంచివే.

ఇంటిలో రెండు పక్షములు. అబ్బాయి వాదము: “అమ్మా, వాడు ఆరో తరగతిలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు నలుగురు స్నేహితులు ఇంటికొస్తున్నారు. వాడి ఒళ్ళు చూసి నవ్వినవాళ్ళే వాడి వెనక నిలబడుతున్నారు.” అది నిజము, మేము కన్నులార చూచినదే. శీతకాలపు టొక సాయంకాలము తక్కిన నలుగురు బుఱదకొట్టుకొని మా వంటింటిలో గుమిగూడి, పెసరట్లు ఒకదానివెంట నొకటి తినుచుండగా, మా వాడు పెనము దగ్గర నిలిచి ఎవనికెన్ని వేయవలెనో పురమాయించుచుండెను. ఆ మొగము అంతకుముందు మేమెఱిగిన మొగము కాదు. కోడలి వాదము: “వాడికి నలభై ఏళ్ళు వచ్చేసరికి మనమెవరం ఉంటాం అత్తయ్యా, వాడి మతిమరుపు చూడటానికి?” అదియు నిజమే. ఆమె గుడివాడ పిల్ల; మాట నెమ్మది, పట్టు గట్టిది.

మమ్మడిగినపుడు మేమిట్లు చెప్పితిమి. మనవైపు వేటకు పోవు కుఱ్ఱవానిని ఏ తల్లియు సముద్రము క్షేమమనుకొని పంపదు. 1977 ఉప్పెన దివిసీమనెట్లు ఊడ్చెనో చూచినవారము. పడవ తిరిగివచ్చువఱకు రేవున కూర్చుండిన యాడువారిని చూచినవారము. కాని ఆ వేట కడుపుకొఱకు. ఈ యాట కడుపుకొఱకు కాదు, పండ్రెండుపదుమూడేండ్ల పిల్లవాని మనసుకొఱకు. ఆ మనసునకు స్నేహితులు కావలెను. తలకు దెబ్బ తగులరాదు. ఈ రెండును ఒక్క ఆటయందే దొరకవలెనని యేమున్నది? అదే పిల్లలు చలికాలమున మఱియొక యాట ఆడుదురని వాడే చెప్పెను: గుండు విసరుట, కుస్తీ. కుస్తీలో తల తలతో తాకుట తక్కువేకదా యని మేమంటిమి. అబ్బాయి నవ్వి ఊరకుండెను. మనుమడు మాత్రము, “కుస్తీలో ఒక్కడినే ఉంటాను నాయనమ్మా. వరుస ఉండదు,” అనెను.

ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను. కోడలును మాటలాడలేదు.

పిల్లవానిని ఆడనిచ్చుటకు ఆ బడికి తలిదండ్రుల యనుమతిపత్రము కావలెను. ఒకరు సంతకము చేసిన చాలును. కాని ఇద్దఱి సంతకములు లేనిదే యే కాగితమును ఇల్లు దాటరాదని ఆ యింటి నియమము. కోడలు ఒక కాగితముపై తన ప్రశ్నలు వ్రాసి శిక్షకునికి పంపినది: వారమునకు ఎన్నిదినములు తలతాకిడి అభ్యాసముండును, మైకము వచ్చినదో లేదో చూచువారెవరు, వైద్యుడు మైదానముననుండునా, పిల్లవాడు దాచిపెట్టినచో తెలియుటెట్లు. మొదటి మూడింటికి జవాబులు వచ్చినవి. మేమీ మాటలు వ్రాయునాటికి పత్రము వారి వంటింటిలో ఫ్రిజ్జుతలుపునకు అంటించియున్నది. తండ్రి సంతకమైనది, తల్లి సంతకము కాలేదు.